మూడో చెయ్యి

మా నాయన పేరు మారి చచ్చిపోయాడని మా ఊళ్ళో అందరూ చెప్పే మాట అబద్ధం.

పేరు మారడమంటే, వాళ్ళు చంపడానికి వచ్చింది వేరొకడినట, అదే పేరు పెట్టుకున్న పాపానికి మా నాయన దొరికాడట. ముప్పై ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో, దినాల్లో, బస్సులో పక్క సీటువాళ్ళ నోట ఇదే వింటున్నాను. "అయ్యో, బోరింగాయప్ప కూతురివా నువ్వు? పేరు మారి చంపినారు కదమ్మా, పాపం!" ఈ మధ్య ఈ అబద్ధానికి ఒక తమ్ముడు కూడా పుట్టాడు. నాయన కావాలనే పలికాడట, తన పేరువాడిని కాపాడటానికి తన తల ఇచ్చాడట.

చంపిన రోజు నేను నాయనకు మూడడుగుల దూరంలో ఉన్నాను. నా చేతిలో పైపు రెంచి ఉంది. చూసినదాన్ని నేను బతికి ఉండగా, చూడనివాళ్ళు వచ్చి నాకే కథ చెబుతారు.

ఆ పేరు ఇక్కడ రాయను. అది మా నాయన ఒక్కడిది కాదు. మా చెరువు కట్ట కింద మూడు వీరగల్లులున్నాయి, ఏనాడో పోట్లాడి చచ్చినవాళ్ళకు నిలబెట్టిన రాళ్ళు. ఆ రాళ్ళ మీది పేరే మా ఊళ్ళో ప్రతి ఇంటి పెద్దకొడుకుకీ పెడతారు. బస్టాపులో నిలబడి ఆ పేరు కేక వేస్తే సగం ఊరు తల తిప్పుతుంది. అందుకని ప్రతివాడికీ ఒక గుర్తు తగిలిస్తారు. చేతిపంపును మా వైపు బోరింగు అంటారు. మా నాయన వాటిని బాగుచేసేవాడు కాబట్టి బోరింగాయప్ప, అంటే బోరింగు ఆయన. పక్కింటాయన మా ఊరి పెద్దాయన దగ్గర ట్రాక్టరు తోలేవాడు, ట్రాక్టరాయప్ప. వరసకు నాకు చిన్నాయన. రెండిళ్ళకీ మధ్య ఒకే గోడ, ముందు ఒకే అరుగు.

మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో పలకరు. అమ్మ పలకదు, పక్కింటి చిన్నమ్మా పలకదు. పేరు ఒకటే కాబట్టి ఒకరి మొగుడి పేరు ఇంకొకరూ పలకడానికి లేదు. రాళ్ళకు కొబ్బరికాయ కొట్టేటప్పుడు కూడా "కట్ట కింద సామీ" అనే మొక్కేవాళ్ళు. దీన్ని పట్టుకుని కాస్త చదువుకున్నవాళ్ళు మూడో కథ ఒకటి అల్లారు. జీపులో వచ్చినవాళ్ళు పేరు చెప్పి అడిగితే, ఏ ఆయప్ప అని తిరిగి అడగలేక మా అమ్మ గుడ్లప్పగించి చూసిందట, దానివల్లే ఇంత జరిగిందట. ఈ కథ అల్లినవాళ్ళు మగవాళ్ళేనని ఒట్టేసి చెప్పగలను. వాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళ మాటలు ఒక్క పూటైనా చెవిన వేసుకుని ఉండరు. పేరెత్తకుండా మనిషిని పట్టి చూపించడంలో అమ్మను మించినవాళ్ళు లేరు. "బోరింగు", "ట్రాక్టరు", "మెల్లకన్ను", "మొన్న కాలవలో పడినాయప్ప" — రోజుకు నూరుసార్లు చెప్పేది, ఒక్కసారి తికమకపడలేదు. ఆ ఒక్కరోజే నోరు పడిపోయిందంటే నేను నమ్మను.

వానలు ముఖం చాటేసిన జూన్ నెల అది. నా డిగ్రీ రెండో ఏడు అయిపోయి సెలవులకు ఇంటికి వచ్చాను. చెరువు ఎండి నెర్రెలు విచ్చింది. ఊరి బయట వాడలో ఉన్న ఒక్క బోరింగూ నీళ్ళు ఎత్తడం మానేసింది. పైపులు పైకి లాగాలంటే ఇద్దరు మనుషులు కావాలి. నాయనతో వచ్చే మనిషికి జ్వరం.

"సదువుకున్నదానివి, రెంచి పట్టుకునేకి కాదా?" అన్నాడు నాయన.

"సదువుకునింది రెంచి పట్టేకా?"

"నీళ్ళు లేకపోతే నీ సదువు ముఖం కడుక్కునేకి గూడా పనికిరాదు. పా."

ఆ రోజుల్లో మా ఊరికీ పొరుగూరికీ పార్టీ కక్షలుండేవి. అంతకుముందు జరిగిన ఒక హత్య కేసులో ట్రాక్టరు చిన్నాయన సాక్షి. ఆ వారంలోనే కోర్టులో సాక్ష్యం చెప్పాలి. చెప్పనివ్వరని ఊరంతటికీ తెలుసు. చిన్నాయన పగలు కూడా ఇంటి పట్టున ఉండేవాడు కాదు. మా నాయనకు మాత్రం ఏ పార్టీ లేదు. "నీళ్ళకు పార్టీ యాడిదే?" అని రెండూళ్ళ బోరింగులూ ఆయనే విప్పేవాడు. కాని చంపడానికి వచ్చిన నలుగురూ ఆయన్ని ఎరిగిన పొరుగూరివాళ్ళు కారు. ఎక్కడినుంచో పిలిపించిన మనుషులు, మా ముఖాలు తెలియనివాళ్ళు.

పొద్దు నడినెత్తికి రాకముందే జీపు వచ్చి ఆగింది. నాయన అప్పుడే పైపు పైకి లాగి, బరువంతా భుజం మీద ఆనించుకుని ఉన్నాడు. నేను రెంచి బిగించాలి. వెనకనుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. గుర్తు లేకుండా, ఉత్త పేరు.

"ఓ! ఎవరప్పా?" అన్నాడు నాయన, తల తిప్పకుండానే. "ఉండప్పా, ఒక్క నిమిషం. పైపు జారిపోతాది."

ఇదీ మా నాయన చేసిన ప్రాణత్యాగం. ఎవరి కోసమూ తల ఇవ్వలేదాయన. పిలిస్తే పలికాడు, పైపు బోరులో పడిపోతుందని ఒక్క నిమిషం ఆగమన్నాడు.

నాటుబాంబు బోరింగు చుట్టూ ఉన్న సిమెంటు దిమ్మె అంచున పడి పేలింది. నాకు చెవులు మూసుకుపోయాయి. మందు వాసన, దుమ్ము. నాయన ఎడమకాలు మోకాలి కింద చీరుకుపోయింది. పైపు భుజం మీదినుంచి జారి, గడగడమంటూ బోరు లోపలికి పోయింది. ఆ చప్పుడు ఆగేదాకా నాయన దానివైపే చూస్తున్నాడు. అప్పటికి కొడవళ్ళు తీశారు.

ఒకడు ఆగాడు. "మనకు కావాల్సింది ట్రాక్టరోడు కదరా? ఈడు బోరింగు విప్పుతాండాడే?"

ఇంకొకడన్నాడు: "పిలిస్తే పలికినాడు కదా. ఆయమ్మ చెయ్యి చూపించింది గూడా ఈ పక్కకే. కానియ్యి."

ఈ రెండు మాటలూ నా మూసుకుపోయిన చెవుల్లోకి ఎలా వచ్చాయో తెలియదు. వచ్చాయి. కాబట్టి పొరపాటు అని నా ముందు అనకండి. పొరపాటు చేసేవాడికి అనుమానం రాదు. వీళ్ళకు వచ్చింది, వచ్చినా నరికారు.

మొదటి వేటుకు నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. రెండు వేళ్ళు దిమ్మె మీద పడ్డాయి. రెండో వేటు మెడకీ భుజానికీ మధ్య. ఆ తర్వాతవి నేను లెక్కపెట్టలేదు. పచ్చి చీనీకొమ్మ నరికితే వచ్చే చప్పుడే మనిషిని నరికినా వస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు. రెంచి విసిరాను. ఒకడి మోకాలి చిప్పకు తగిలింది. వాడు కుంటుకుంటూ వచ్చి నా జుట్టు పట్టి, "ఆడపిల్లవు, పక్కకు పో" అని నీళ్ళ గుంతలోకి తోశాడు. మర్యాద తెలిసిన హంతకుడు. గుంతలో నీళ్ళు లేవు. పైకి లేచి చూసేసరికి జీపు పోయింది. దిమ్మె చుట్టూ నెత్తురు ఇంకిపోతోంది. ఆ నేల వాననైనా అంత తొందరగా తాగడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత మూడు వారాలకు మా ఊరి పెద్దాయన మనుషులు పొరుగూరికి పోయి, కాపుకొచ్చిన చీనీతోట మొదలంటా నరికి, తోట కాపలాదారునీ నరికారు. నరికేటప్పుడు మా నాయన పేరు కేక వేశారట. "ఇది బోరింగాయప్ప పేరు మీద" అన్నారట. మమ్మల్ని ఎవడు అడిగాడు? ఆ ఊరి బోరింగు బాగుచేయడానికి పోయినప్పుడల్లా నాయనకు సద్దిలో సగం పెట్టింది ఆ కాపలాదారే. అతని పెళ్ళాం ఆ పేరు విని ఎన్నిసార్లు మన్నెత్తి పోసి ఉంటుందో! చచ్చిపోయాక కూడా నాయన పేరు మీద ఒకడు చచ్చాడు. ఆ పేరుకు నెత్తురు తాగే అలవాటు ఉందని అప్పుడే అనిపించింది.

కేసు కోర్టుకు వచ్చింది. సాక్షిని నేనే. బంట్రోతు వరండాలోకి పోయి నాయన పేరు చదివి, ఆ కేసు సాక్షులు రావాలని కేక వేశాడు. పేరు ఒక్కటే చెవిన పడి మా ఊరివాళ్ళు ఇద్దరు "ఓ" అంటూ లోపలికి వచ్చి నిలబడ్డారు. ఒకడు ట్రాక్టరు చిన్నాయన, ఇంకొకడు ఏదో గట్టు తగాదాకు వచ్చిన మనిషి. చచ్చినవాడిని పిలిస్తే ఇద్దరు వచ్చారని కోర్టు కోర్టంతా నవ్వింది. వాళ్ళ లాయరు ఆ నవ్వును కింద పడనివ్వలేదు. చనిపోయిన మనిషితో ఎవరికీ పగ లేదని ఊరే చెబుతోంది, పగ లేకుండా ఎవరైనా ఎందుకు చంపుతారు అన్నాడు. మా ఊళ్ళో పుట్టిన "పేరు మారి" అన్న మాటే ఆ హంతకులకు గొడుగైంది. కేసు పోయింది.

నన్ను కూడా అడిగారు, నరికేముందు వాళ్ళేమైనా మాట్లాడుకున్నారా అని. ట్రాక్టరోడు కదా అన్న మాట చెబితే దాని వెనకాల మాటా చెప్పాలి. అది చెబితే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు. "ఆయమ్మ ఎవరు?" జీపు వాడ వైపు రావాలంటే మా వీధి దాటుకునే రావాలి. ఆ పొద్దు అరుగు మీద విత్తనాలకు శనక్కాయలు వలుస్తూ కూర్చున్నది ఇద్దరే, అమ్మ, చిన్నమ్మ. నేను నిలబడిన బోనుకు ఎదురుగా అమ్మ కనబడుతోంది, నుదుట బొట్టు లేకుండా. పక్కన చిన్నమ్మ, ఒళ్ళో బిడ్డతో. "ఏమీ వినలేదు, చెవులు మూసుకుపోయినాయి" అన్నాను. జీవితంలో ఎవరితోనైనా ఎదురు వాదించే నేను, వాదించాల్సిన ఒక్క చోట మాట మింగాను. ఊరిని తిడుతున్నాను గాని, ఆ పొరపాటు కథకు గోడ కట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

తర్వాత నేను చరిత్రలో ఎం.ఏ. చదివాను. అనంతపురంలో కాలేజీ పిల్లలకు అదే చెబుతున్నాను. చదివేటప్పుడు మా కట్ట కింది రాళ్ళకు తడి కాగితం అంటించి, సిరా అద్ది, అక్షరాలు తీశాను. మూడు రాళ్ళ మీదా ఒకటే పేరు. మనుషులు మాత్రం ముగ్గురు. మొదటివాడు ఆవుల మందను తోలుకుపోతున్నవాళ్ళకు అడ్డం పడి చచ్చాడు, ఒళ్ళంతా బాణాలు. రెండోవాడు చెరువు తెగబోతే తూము దగ్గర తల పోగొట్టుకున్నాడు. మూడోవాడు గుర్రం మీద ఎవరి తరఫునో పోట్లాడి పడిపోయాడు. లిపి చూస్తే ఒకరికొకరికి మధ్య ఎన్నో తరాల దూరం. మొదటివాడి ముని మనవడికి కూడా మూడోవాడు తెలిసే వీలు లేదు. పేరు ఒకటైతే చాలు, ఊరు ముగ్గురి చావులనూ కలిపి ఒక్క మనిషికి కట్టబెట్టింది.

ఈ ఏడు చిన్నాయన ఫోన్ చేశాడు. ఆయనే ఇప్పుడు గుడి కమిటీకి పెద్ద. "పాపా, రాళ్ళకు రేకుల షెడ్డు ఏపిస్తాండాము. మీ నాయనకు గూడా ఒక రాయి నిలబెడతాము. నువ్వొచ్చి రాసేది చూడు."

పోయాను. కట్ట కింద నల్లరాయి పడుకోబెట్టి ఉంది. చెక్కే మనిషి ఉలి పట్టుకుని కూర్చున్నాడు. కమిటీవాళ్ళు చుట్టూ నిలబడ్డారు.

"గుర్రం మీద ఉండేట్టు చెక్కిస్తాము పాపా" అన్నాడు చిన్నాయన.

"మా నాయన జన్మలో గుర్రమెక్కలేదు చిన్నాయనా. సైకిలెక్కినాడు. దానికి గూడా బ్రేకుల్లేవు."

చెక్కే మనిషి నవ్వి కాగితం చూపించాడు. "తన పేరువాని కోసం తలనిచ్చిన వీరుడు. ఇదే చెక్కల్లంట. సరేనా అక్కా?"

"సరికాదు. ఆయన ఎవరికీ ఏదీ ఈలేదు."

కమిటీలో ఒకాయన నొచ్చుకున్నాడు. "ఏమ్మా, మీ నాయనను మేము సామితో సమానం చేస్తాండామే! సామి ఆవులను కాపాడినాడు, చెరువుకు తల కోసిచ్చినాడు, మొండెంతోనే గుర్రమెక్కి గుత్తి కోటకాడ యుద్ధం చేసినాడు."

"తల లేకుండా గుత్తికి దారి ఎట్ల తెలిసిందన్నా?"

"గుర్రానికి తెల్సులేమ్మా."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత రెండో రాయి దగ్గరికి తీసుకుపోయి, కుంకుమ తుడిచి చూపించాను. "తల ఆయనే కోసుకున్నాడంటారు. చేతులు లెక్కపెట్టండి. రెండు చేతులూ దండం పెట్టి ఉండాయి. మరి జుట్టు పట్టుకున్న మూడో చెయ్యి ఎవరిది?"

"దేవుని చెయ్యి."

"దేవునికి గాజులుంటాయా?"

ఆయన వంగి చూశాడు. రాతి అంచునుంచి వచ్చిన చేతికి వరసగా గాజులు. నడుము నిలబెట్టి, "దేవకన్య. సామిని సర్గానికి తీసకపోతాంది" అన్నాడు. మాట తప్పు కాదు. అలాంటి బొమ్మలు చాలా రాళ్ళ మీద ఉంటాయి.

"సర్గానికి రెక్క పట్టుకుని తీసకపోతారన్నా. జుట్టు పట్టుకుని కాదు."

చిన్నాయన కర్ర నేలకు ఆనించి చెరువు వైపు తిరిగాడు. "చేతుల సంగతి ఇడిసిపెట్టు పాపా" అన్నాడు.

"ఎందుకు చిన్నాయనా?"

"ఇడిసిపెట్టమంటి కదా." అంతే, కట్టెక్కి వెళ్ళిపోయాడు.

ముప్పై ఏళ్ళు మింగిన మాట అక్కడే గొంతులోకి వచ్చింది. నేరుగా ఇంటికి పోయాను. అదే అరుగు. అమ్మ, చిన్నమ్మ చెరో చాట పెట్టుకుని విత్తనాలకు కాయ వలుస్తున్నారు. ఇద్దరికీ ఒళ్ళు వాలిపోయింది గాని వేళ్ళు మాత్రం అలాగే టపటపమంటున్నాయి. కూర్చుని చెప్పేశాను. ట్రాక్టరోడు కదా అని ఒకడన్నది, ఆయమ్మ చెయ్యి చూపించింది ఈ పక్కకే అని ఇంకొకడన్నది, కోర్టులో నేను చెప్పనిది.

టపటప ఆగిపోయింది.

చిన్నమ్మ చాటలోకే చూస్తూ అంది. "పేరు చెప్పి అడిగినారు. ఆ పేరు మేము యాడ పలుకుతామే?"

"పలకలేదు, సరే. చెయ్యి?"

అమ్మ కలగజేసుకుంది. "బోరింగు పనికి పిల్చుకుపోయేకి జీపులు వచ్చేటివి కాదా? ఎన్నిమార్లు రాలేదు?"

"అంటే చూపించింది నువ్వేనా?"

"నేనని యాడంటినే?"

"నాకు అప్పుడు ఆరో నెల" అంది చిన్నమ్మ. ఎవరూ అడగలేదు.

అమ్మ చేతిలోని కాయ ఆమె మీదికి విసిరింది. "నువ్వు నోరు మూసుకోయే. నేను మాట్లాడతాండా కదా!" తర్వాత నావైపు తిరిగింది. నాయన శవం ఇంటికి వచ్చినప్పుడు కూడా అమ్మ కళ్ళలో అంత కోపం చూడలేదు. "ఆ రాతి మీద ఏమన్నా రాసుకో పో. గుర్రం రాసుకో, ఏనుగు రాసుకో. మా చేతులు మాత్రం రాయొద్దు."

'మా' అంది. 'నా' అనలేదు.

ఇద్దరూ మళ్ళీ కాయలు వలవడం మొదలుపెట్టారు. నాయన పోయాక వంట, పురుడు, జ్వరం, ఒకే గోడకు ఇటూ అటూ ఇద్దరూ కలిసే ఈదారు. అమ్మను అనంతపురం రమ్మని ఎన్నిసార్లు పిలిచినా "ఆయమ్మను ఇడిసిపెట్టి యాడికి వస్తా?" అనేది. అది స్నేహమనుకున్నాను. కాపలా కూడా కావచ్చని ఆ పొద్దే తోచింది. ఎవరు ఎవరికి కాపలా అన్నది మాత్రం తేలలేదు.

కట్ట దగ్గరికి పోయి చెక్కే మనిషితో చెప్పాను, గుర్రం వద్దు, తల ఇచ్చాడన్నది వద్దు, బోరింగు చెక్కి కింద "ఉండప్పా, పైపు జారిపోతాది" అని రాయమని. కమిటీ ఒప్పుకోలేదు. వాళ్ళ మాటకు నేను ఒప్పుకోలేదు. రాయి ఇప్పటికీ కట్ట కింద వెల్లకిలా పడి ఉంది, మీద ఒక్క గీత లేకుండా. నన్ను బస్సెక్కించడానికి బండి మీద తెచ్చింది చిన్నమ్మ కొడుకు, ఆ ఆరో నెల కడుపులోని బిడ్డ. అతని పేరు కూడా అదే.

నాకు కావాల్సింది రాయి కాదు. పేరు పలకని ఇద్దరు ఆడవాళ్ళ ముందు జీపు ఆగి ఆ పేరు అడిగినప్పుడు, చెయ్యెత్తి వాడ వైపు చూపించింది ఎవరు? ఎత్తినామె తన మొగుడి పేరనుకుని ఎత్తిందా, తెలిసే దాన్ని పక్కామె మొగుడి పేరుగా మార్చి ఎత్తిందా?